ముఖాలకు వెలుగునిచ్చిన వైద్యుడు – నీల్స్ ఫిన్సెన్

మనిషిని లోకానికి ముందుగా పరిచయం చేసేది అతని ముఖం. విద్య, వినయం, వంశం, సంపద ఇవన్నీ తరువాత తెలిసివచ్చే విషయాలు. ఎదుటివారు మొదట చూచేది ముఖాన్నే. అందుచేతనే ముఖంమీద ముడత కనిపించగానే మనసు కలతపడుతుంది, మచ్చ కనిపించగానే చేయి అద్దంకోసం వెదుకుతుంది. వయసుతోపాటు ముఖచర్మంలో వచ్చే మార్పులను కాంతితో సరిదిద్దుతామంటూ ఎర్రని దీపాలు పొదిగిన ముసుగులు నేడు అంగళ్ళలో అమ్ముతున్నారు. ఇంటివద్దనే కూర్చుండి, కొద్ది నిమిషాలపాటు వాటిని ముఖానికి తగిలించుకొనేవారు దేశదేశాలలో ఉన్నారు.

అయితే దీపకాంతిని ముఖచర్మానికి ఔషధంగా మలచవచ్చునని శాస్త్రీయంగా చూపిన తొలి వైద్యుడెవరో వారిలో ఎందరికి తెలుసు? ఆయన సౌందర్యసాధనాలు అమ్మిన వ్యాపారి కాడు. తన శరీరం రోజురోజుకు కృశించిపోతూ ఉండగా, పరుల ముఖాలను బాగుచేయడానికి జీవితాన్ని ధారపోసిన వైద్యుడు. ఆ మహనీయుని పేరు నీల్స్ రైబర్గ్ ఫిన్సెన్. ఆయన జీవించినది నలుబదిమూడు సంవత్సరాలు మాత్రమే.

బాల్యము – విద్యాభ్యాసము

ఫిన్సెన్ 1860 డిసెంబరు 15వ తేదీన ఫారో దీవులలోని తోర్స్‌హవ్న్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో, స్కాట్లాండుకు ఐస్‌లాండుకు నడుమ ఉన్న ఈ దీవులు డెన్మార్కు రాజ్యానికి చెందినవి. అక్కడి శీతకాలంలో పగలు కొద్ది గంటలే. ఆ కొద్దిసేపూ మబ్బులూ మంచూ ఆకాశాన్ని కమ్ముకొని ఉంటాయి. మండువేసవిలో నీడకోసం పరుగులెత్తే మనకు సూర్యుని కోసం ఎదురుచూడడమంటే ఏమిటో ఊహకందదు. ఆ దీవుల బిడ్డకు అది నిత్యానుభవం.

ఆయన కుటుంబం ఐస్‌లాండుకు చెందిన ప్రాచీన వంశం. తండ్రి హాన్నెస్ ఫిన్సెన్ ఆ దీవుల పరిపాలనలో ఉన్నతాధికారి. నీల్స్‌కు నాలుగేండ్ల ప్రాయంలోనే తల్లి పరలోకగతురాలైంది. చదువుకోసం బాలుని డెన్మార్కులోని ఒక పాఠశాలకు పంపారు. అక్కడి ప్రధానోపాధ్యాయునికి ఈ పిల్లవానిలో మంచి మనసు కనిపించింది గాని తెలివి కనిపించలేదు. శ్రద్ధాసక్తులు తక్కువని ఆయన అభిప్రాయపడ్డాడు. తరువాత తండ్రి కుమారుని ఐస్‌లాండు రాజధాని రేక్యవిక్‌లోని పాఠశాలకు మార్చాడు. పూర్వీకుల గడ్డపై ఆ బాలుడు నిలదొక్కుకున్నాడు. చదువులో వెనుకబడినవాడని ఒకచోట అనిపించుకొన్నవాడే మరొకచోట ముందుకు సాగగలడని ఈ ఉదంతం మన విద్యార్థులకు ధైర్యం చెప్పగలదు.

1882లో ఆయన వైద్యవిద్యకై కోపెన్‌హేగన్ చేరాడు. 1890లో పట్టభద్రుడై, విశ్వవిద్యాలయంలో శరీరనిర్మాణ శాస్త్ర విభాగంలో బోధనకు సహాయపడే ఉద్యోగం సంపాదించాడు. కాని అప్పటికే దురదృష్టం ఆయనను వెన్నాడుతూ ఉంది. ఇరువదేండ్లు దాటిన కొద్దికాలానికే ఒక వింత వ్యాధి సోకింది. గుండెను, కాలేయాన్ని, ప్లీహాన్ని కప్పిఉంచే పొరలు క్రమక్రమంగా దళసరి అయి గట్టిపడడం ఆ వ్యాధి లక్షణం. దానికి మందు లేదు. కడుపులో నీరు చేరేది, కొద్ది శ్రమకే ఆయాసం వచ్చేది. తన రోగం నయమయ్యేది కాదని వైద్యుడైన ఆయనకు తెలియకపోలేదు.

ఉత్తరపు గది నేర్పిన పాఠము

విద్యార్థిదశలో ఫిన్సెన్ నివసించిన గది ఉత్తరముఖంగా ఉండేది. అందులోకి సూర్యరశ్మి సోకేది కాదు. ఎప్పుడు చూచినా నీరసం, రక్తహీనత. ఎండలో గడిపిన రోజున మాత్రం ఒంటికి కొంత సత్తువ వచ్చినట్లు తోచేది. ఒకనాడు ఇంటి కప్పుపై పడుకొన్న పిల్లి ఆయన కంటబడింది. నీడ జరిగి మీదికి వచ్చినప్పుడల్లా ఆ పిల్లి లేచి ఎండలోకి మారి పడుకొంటున్నది. ఏ శాస్త్రమూ చదవని మూగజీవి ఎండను వెదుక్కొంటూ ఉంటే దానికేదో కారణం ఉండాలి గదా! ఈ చిన్న సంఘటన ఆయన ఆలోచనలకు బీజం వేసింది.

సూర్యకాంతి మేలు చేస్తుందని నమ్మినవారు ఫిన్సెన్‌కు ముందు కూడా ఎందరో ఉన్నారు. కాని నమ్మకం వేరు, నిరూపణ వేరు. అందులకై ఆయన తన శరీరాన్నే ప్రయోగశాలగా చేసుకొన్నాడు. ముంజేతిమీద నల్లని సిరాతో ఒక పట్టీ గీచి, చేతిని మండుటెండలో కొన్ని గంటలపాటు ఉంచాడు. సిరా కడిగివేయగా దాని క్రింది చర్మం తెల్లగానే ఉన్నది. ఇరుప్రక్కల చర్మం మాత్రం ఎర్రగా కందిపోయి, కొన్నాళ్ళకు గోధుమవర్ణానికి మారింది. అదే చేతిని, ఈసారి సిరా పూయకుండా, తిరిగి ఎండలో ఉంచాడు. ఇప్పుడు తెల్లని పట్టీ కందిపోయింది, గోధుమవర్ణపు భాగానికి పెద్దగా ఏమీ కాలేదు. చర్మంలోని వర్ణద్రవ్యం కాంతిని అడ్డగించే కవచమని దీనివల్ల తేటతెల్లమైంది. చర్మాన్ని కందజేసేది సూర్యుని వేడిమి కాదని, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలని స్వీడన్ దేశీయుడైన విడ్‌మార్క్ 1889లోనే నిరూపించి ఉన్నాడు. ఆ బాటను ఫిన్సెన్ మరింత ముందుకు నడిపించాడు. 1893లో ఉద్యోగాన్ని విడిచిపెట్టి, కాంతి పరిశోధనకే అంకితమైనాడు. అంతకు ముందే, 1892 డిసెంబరులో, ఇంగెబోర్గ్ బాల్‌స్లెవ్ అనే మహిళతో ఆయన వివాహం జరిగింది. రోగి అయిన భర్తకు ఆమె జీవితాంతం చేదోడువాదోడుగా నిలిచింది.

ఎర్రగదుల ప్రయత్నము

ఆయన మొదట దృష్టి సారించినది మశూచిపై. ఆ రోజులలో మశూచినుండి ప్రాణాలతో బయటపడినవారికి కూడా ముఖంనిండా స్ఫోటకపు గుంటలు మిగిలేవి. కాంతిలోని రసాయనిక కిరణాలు ఆ పొక్కులను చీముపట్టిస్తున్నాయని తలచి, ఎర్రని తెరలు కట్టిన గదులలో రోగులను ఉంచితే మచ్చలు తగ్గుతాయని ఫిన్సెన్ 1893లో ప్రతిపాదించాడు. నార్వేలోని బెర్గెన్ పట్టణంలో ఈ పద్ధతిని పరీక్షించారు. మొదట ఫలితాలు ఆశాజనకంగా కనిపించినా, తరువాత ఇతర దేశాల వైద్యులు చేసిన పరీక్షలలో ఆ ఆశ నిలువలేదు. మశూచిని జయించినది ఎర్రగది కాదు, టీకా. 1980లో ఆ వ్యాధి భూమిపైనుండి తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించింది.

ఈ వైఫల్యాన్ని దాచవలసిన అవసరం లేదు. ఒక ప్రశ్నకు వచ్చిన తప్పు సమాధానం మరొక ప్రశ్నకు దారితీసింది. కాంతిని తొలగించి మేలు చేయదలచిన వైద్యుడు, కాంతిని ప్రసరింపజేసి మేలు చేయవచ్చునా అని ఆలోచించసాగాడు.

తోడేలు కరచిన ముఖాలు

ఆనాడు ఐరోపాలో లూపస్ వల్గారిస్ అనే చర్మవ్యాధి విస్తారంగా ఉండేది. లాటిన్ భాషలో లూపస్ అంటే తోడేలు. ఆ వ్యాధి తోడేలువలె ముఖాన్ని కొరికి తింటుందని ఆ పేరు వచ్చింది. ఇది క్షయక్రిమి చర్మానికి సోకినందువల్ల కలిగే రోగం. ముక్కుమీదనో చెంపమీదనో గోధుమరంగు కణుపులుగా మొదలై, ఏండ్లతరబడి వ్యాపించి, ముక్కును, పెదవిని, చెవిని హరించివేసేది. రోగి చనిపోడు, కాని బ్రతికి ఉండికూడా నలుగురిలోకి రాలేడు. ముఖంపై గుడ్డ కప్పుకొని తిరిగేవారు. పని ఇచ్చేవారు ఉండరు, పెండ్లి చేసుకొనేవారు ఉండరు. వ్రణాలను గీకివేయడం, కాల్చడం, కోసివేయడం అప్పటి చికిత్సలు. అవి రోగాన్ని తరచుగా మిగిల్చి, ముఖాన్ని మరింత వికృతం చేసేవి.

కాంతి సూక్ష్మక్రిములను చంపగలదని ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1877లో వెల్లడించారు. చర్మక్షయకు కారణం క్రిమి అయినప్పుడు, క్రిమిని చంపే కాంతిని ఆ చర్మంపై కేంద్రీకరిస్తే ఏమవుతుంది? ఇదీ ఫిన్సెన్ వేసుకొన్న ప్రశ్న.

1895 నవంబరులో కోపెన్‌హేగన్ విద్యుద్దీప కర్మాగారంలో తొలి చికిత్స ప్రారంభమైంది. ఆసుపత్రి కాక కర్మాగారం ఎందుకంటే, ఆయనకు కావలసిన తీక్ష్ణమైన ఆర్క్ దీపం అక్కడ ఉన్నది. ఏండ్లతరబడి ముఖంపై చర్మక్షయతో బాధపడి, చేయించిన చికిత్సలన్నీ విఫలం కాగా ఆశ వదలుకొన్న ఒక ఇంజనీరు తొలి రోగిగా ముందుకు వచ్చాడు. ప్రతిదినం ఆ దీపకాంతిని అతని చెంపపై ప్రసరింపజేశారు. కొద్ది మాసాలకు పుండ్లు మానిపోయాయి. అదే 1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొనడం గమనింపదగిన విశేషం. కిరణాల శక్తి మానవునికి అవగతమవుతున్న కాలమది.

నెత్తురు అడ్డగించిన వెలుగు

పద్ధతి వినడానికి సులభంగా ఉన్నా అమలుపరచడం సులభం కాలేదు. మొదటి చిక్కు వేడిమి. తీక్ష్ణమైన కాంతిని ఒకచోట కేంద్రీకరిస్తే చర్మం కాలిపోతుంది. సూర్యకాంతిని వాడినప్పుడు, బోలుగా చేసిన కటకంలో మైలుతుత్తం కలిపిన నీలిరంగు ద్రావణం నింపి, వేడిమిని కలిగించే కిరణాలను వడగట్టాడు. ఆర్క్ దీపానికి నీటిని అడ్డుగా ఉంచి చల్లబరచాడు. సాధారణమైన గాజు అతినీలలోహిత కిరణాలను చాలవరకు మ్రింగివేస్తుంది గనుక స్ఫటికశిలతో కటకాలు చేయించాడు.

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. కాంతి చర్మం లోపలికి చేరడం లేదు. కారణం తెలిసికొనుటకు ఆయన చెవితమ్మెతో ఒక ప్రయోగం చేశాడు. తమ్మె వెనుక ఛాయాచిత్రాలకు వాడే కాగితముంచి, ముందునుండి కాంతిని ప్రసరింపజేశాడు. కాగితం నల్లబడలేదు. తమ్మెను రెండు గాజుపలకల మధ్య అదిమి, నెత్తురును ప్రక్కకు తప్పించి తిరిగి చూచాడు. ఈసారి కాగితం నల్లబడింది. కాంతిని అడ్డగిస్తున్నది నెత్తురేనని తేలిపోయింది. వెంటనే స్ఫటికంతో ఒక చిన్న పరికరం తయారయింది. దాని గుండా చల్లని నీరు ప్రవహిస్తూ ఉంటుంది. దానిని చర్మంపై గట్టిగా నొక్కిపట్టితే నెత్తురు తొలగుతుంది, చర్మం చల్లబడుతుంది, కాంతి లోనికి చేరుతుంది. ఒక్క పరికరంతో మూడు ప్రయోజనాలు సిద్ధించాయి.

ఆ తరువాత రూపొందిన ఫిన్సెన్ దీపంలో నడుమ ఒక ఆర్క్ దీపం, దానినుండి నాలుగువైపులా వాలుగా దిగిన నాలుగు గొట్టాలు ఉండేవి. ఒకేసారి నలుగురు రోగులు చికిత్స పొందేవారు. ప్రతి రోగి ప్రక్కన ఒక నర్సు కూర్చుండి, స్ఫటికాన్ని చేతితో నొక్కిపట్టి ఉంచేది. ఒక విడతకు ఒక చిన్న నాణెమంత చోటుకే చికిత్స. దానికి గంటకు పైగా పట్టేది. ముఖమంతా వ్యాపించిన రోగికి మాసాలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు పట్టేది. దీపం ఎంత గొప్పదైనా, దానివెనుక ఆ నర్సుల అలుపెరుగని హస్తాలు ఉన్నాయన్నది మరువరాదు.

1896లో కోపెన్‌హేగన్‌లో ఫిన్సెన్ వైద్యకాంతి సంస్థ వెలసింది. హాగెమాన్, యోర్గెన్‌సెన్ అనే దాతలు ఆదుకొన్నారు, ప్రభుత్వము చేయూతనిచ్చింది. 1901 నాటికి సుమారు 800 మంది చర్మక్షయ రోగులు అక్కడ చికిత్స పొందారు. వారిలో అధికసంఖ్యాకులకు వ్యాధి నయమైంది లేదా స్పష్టంగా తగ్గుముఖం పట్టింది. చికిత్సకు ముందు, తరువాత తీసిన ఛాయాచిత్రాలు ఫలితాలకు సాక్ష్యం పలికాయి. డెన్మార్కు ఆడపడుచు, ఇంగ్లండు రాజవంశపు కోడలు అయిన అలెగ్జాండ్రా 1900లో లండన్ హాస్పిటల్‌కు ఒక ఫిన్సెన్ దీపాన్ని బహూకరించింది. అక్కడ నెలకొల్పిన ఆమె విగ్రహపీఠంపై ఆ దీపచికిత్సా దృశ్యం చెక్కబడి ఉన్నది.

నోబెల్ పురస్కారము – అంతిమదినములు

1903లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఫిన్సెన్‌ను వరించింది. ఆ శాస్త్రంలో అది మూడవ బహుమతి. రెండవది 1902లో రొనాల్డ్ రాస్‌కు లభించింది. దోమ శరీరంలో మలేరియా క్రిమిని రాస్ 1897 ఆగస్టులో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. సికింద్రాబాదులో ఒకరు సూక్ష్మదర్శినిలోనికి తొంగిచూస్తున్న దినాలలోనే కోపెన్‌హేగన్‌లో మరొకరు దీపాన్ని సవరిస్తున్నారన్నమాట. ఆ ఇరువురికీ నోబెల్ వరుసలో ప్రక్కప్రక్క స్థానాలు దక్కాయి.

బహుమతి స్వీకరించడానికి ఫిన్సెన్ స్వీడన్‌కు వెళ్ళలేకపోయాడు. అప్పటికి ఆయన చక్రాల కుర్చీకి పరిమితమైనాడు. కడుపులో చేరిన నీటిని పలుమార్లు తీయించవలసి వచ్చింది. అయినా బహుమతి ధనంలో కొంతభాగాన్ని తన సంస్థకు సమర్పించాడు. తన రోగాన్నే పరిశోధనాంశంగా స్వీకరించి, తాను తిన్నదెంత, త్రాగినదెంత, ఒంటినుండి వెడలినదెంత అని దినదినమూ తూచి లెక్కవ్రాసుకొన్నాడు. శరీరంలో ఉప్పు నిలువచేరుటపై 1904లో ఆయన ప్రకటించిన వ్యాసం ఈ లెక్కల ఫలమే. బాధను మూలుగుతో కాక కొలతతో ఎదుర్కొన్న ధీరుడాయన. 1904 సెప్టెంబరు 24వ తేదీన కోపెన్‌హేగన్‌లో కన్నుమూశాడు. ఎందరికో ముఖాలు తిరిగి ఇచ్చిన ఆ దీపం ఆయన దేహవ్యాధిని మాత్రం తాకలేకపోయింది.

ఆయన తరువాత

1940వ దశకంలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ రంగంలోకి వచ్చిన పిదప చర్మక్షయకు మందులే చాలినవి. ఫిన్సెన్ దీపాలు ప్రదర్శనశాలలకు చేరాయి. 2005లో ప్రచురితమైన ఒక పరిశోధన మరొక విచిత్రాన్ని బయటపెట్టింది. ఆయన దీపాలలోని కటకాలను, వడపోత ద్రావణాలను పరీక్షించగా, ఆయన నమ్మిన హ్రస్వతరంగ కిరణాలు వాటిగుండా పోలేదట. క్షయక్రిమిలో సహజంగా ఉండే పోర్ఫిరిన్ అనే పదార్థం దీర్ఘతర కిరణాలను గ్రహించి, తీవ్రచర్య గల ఆక్సిజన్‌ను పుట్టించి క్రిమిని చంపి ఉంటుందని ఆ పరిశోధకుల నిర్ణయం. అనగా ఫిన్సెన్ చికిత్స సరియైనది, ఆయన చెప్పిన కారణం మాత్రం సంపూర్ణం కాదు. అయినను ఆయన చూపిన బాట మూతపడలేదు. పుట్టుకామెర్లతో పసిమిగ్రక్కే శిశువులను నీలికాంతి క్రింద పరుండబెట్టడం, సొరియాసిస్ రోగులకు కొలత ప్రకారం అతినీలలోహిత కాంతినివ్వడం నేటి ఆసుపత్రులలో పరిపాటి.

ఇక ముఖపు ముడతలకు ఇంట వాడే దీపపు ముసుగుల మాట. వీటిలోని కాంతి ఫిన్సెన్ వాడినది కాదు. సుమారు 630 నానోమీటర్ల ఎర్రని కాంతి, సుమారు 830 నానోమీటర్ల పరారుణ కాంతి వీటిలో సాధారణం. ఈ కాంతిని చర్మకణాలు గ్రహించి, చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్‌ను అధికంగా తయారుచేస్తాయని శాస్త్రజ్ఞుల ఊహ. కొన్ని పరీక్షలలో సన్నని ముడతలు కొంతమేరకు తగ్గినట్లు కనిపించింది. కాని ఆ పరీక్షలు చాలవరకు చిన్నవి, ఫలితమూ స్వల్పమే. ఇంట వాడే సాధనాల శక్తి ఒకదానికొకటి పోలిక లేదు, వైద్యాలయాలలోని వాటికంటే తరచుగా తక్కువ. కండ్లకు రక్షణ అవసరం. కాంతికి చర్మాన్ని సున్నితం చేసే మందులు వాడేవారు వైద్యుని సంప్రదించక వాటి జోలికి పోరాదు. నీలికాంతివల్ల మనవంటి గోధుమవర్ణపు చర్మంలో నల్లమచ్చలు ముదిరే ప్రమాదమూ కలదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. ముఖాన్ని అకాలంలో ముసలిదిగా చేసేవాటిలో సూర్యుని అతినీలలోహిత కిరణాలదే అగ్రస్థానం. అవి కొల్లాజెన్‌ను చిన్నాభిన్నం చేస్తాయి. పగలు ఎండలో తలకు గొడుగైనా లేక తిరిగి, రాత్రి ముసుగు తగిలించుకొని ముడతలు పోవాలని కోరుకొనడం చిల్లుకుండలో నీరు పోయడమే. కాంతి మేలు చేస్తుంది, కీడూ చేస్తుంది. ఏ కాంతి, ఎంతసేపు, ఎంత తీక్ష్ణత అన్న కొలతలోనే ఔషధానికి విషానికి భేదం ఉన్నది. సిరాపట్టీ గీచిన తన ముంజేతిమీద ఫిన్సెన్ చూచినది ఈ సత్యాన్నే.

విద్యార్థి మిత్రులారా! ఫిన్సెన్‌కు బలమైన శరీరం లేదు, దీర్ఘాయువు లేదు, బాల్యంలో తెలివైనవాడన్న పేరూ లేదు. ఆయనకు ఉన్నది ఒక ప్రశ్న, దానిని కొలిచి చూచే ఓపిక, నలుగురిలో తలెత్తుకోలేని దీనులపై కరుణ. సౌందర్యం కోసం దీపం కొనదలచినవారు కొనవచ్చును. కాని కొనేముందు, అమ్మేవాని మాటకు కొలత ఏదని అడగడం ఫిన్సెన్ వారసులుగా మన ధర్మం. ముఖాన్ని చూచి ముఖం త్రిప్పుకొనే లోకంలో, వికృతమైన ఆ ముఖాల ఎదుటనే గంటలతరబడి కూర్చుండి వాటిని బాగుచేసిన ఆ వైద్యుని, ఆయనతోపాటు ఆ పేరు తెలియని నర్సుల ఓర్పు మనకు ఆదర్శమగుగాక.